‘మీ సంస్థ’ అంటే ఏ సంస్థ? – పాత కంప్యూటర్లలో లైసెన్సు లేని విండోస్

ప్రశ్న: మాది దేవరకొండ. మా వారికి చిన్న కిరాణా దుకాణం ఉంది. మా బిడ్డ నల్లగొండలో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ రెండో సంవత్సరం చదువుతున్నది. కిందటి వానాకాలంలో హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ దుకాణంలో పదహారు వేల ఐదు వందలకు, ఆఫీసులో వాడి తీసేసిన ల్యాప్‌టాప్ కొన్నాం. ఎనిమిదో తరం ఐ5 అన్నారు. ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేదు. సంక్రాంతి దాటినప్పటి నుంచి ‘మీ విండోస్ లైసెన్సు గడువు త్వరలో ముగుస్తుంది’ అని తెర మీద వస్తున్నది. సెట్టింగులలో చూస్తే, మీ సంస్థ యాక్టివేషన్ సేవ ద్వారా విండోస్ యాక్టివేట్ అయిందని ఇంగ్లీషులో రాసి ఉంది. మాకు సంస్థ ఎక్కడిది? కొన్న దుకాణానికి ఫోన్ చేస్తే, తీసుకువస్తే మూడు వందలకు మళ్ళీ క్రాక్ చేసి ఇస్తామన్నారు. ఇక్కడి సర్వీసింగ్ అబ్బాయి, ఒరిజినల్ కొనాలంటే ల్యాప్‌టాప్ ధరలో సగం అవుతుందన్నాడు. స్కాలర్‌షిప్ దరఖాస్తు, బ్యాంకు పనులు అన్నీ మా బిడ్డ దీనిలోనే చేస్తున్నది. ఇది నేరమా? ఇప్పుడు మేం ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికివచ్చే సంగతి ‘మీ సంస్థ’ అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది. దానిని గమనించి రాసినందువల్ల మీ ల్యాప్‌టాప్‌లో ఏం జరిగిందో ఇక్కడి నుంచే చాలావరకు చెప్పగలుగుతున్నాను.

విండోస్ లైసెన్సు ముఖ్యంగా మూడు తోవల్లో వస్తుంది. కొత్త కంప్యూటరుతో పాటు తయారీదారే వేసి ఇచ్చేది ఒకటి. దుకాణంలో విడిగా కొనుక్కునేది మరొకటి. పెద్ద కంపెనీలూ విశ్వవిద్యాలయాలూ వందల యంత్రాలకు టోకున తీసుకునేది మూడోది. ఈ మూడో పద్ధతిలో ఒక్కో యంత్రం ముందు కూర్చుని 25 అక్షరాల లైసెన్సు కీ కొట్టడం కుదరదు కాబట్టి, కంపెనీ లోపల ఒక సర్వరును నిలుపుతారు. ఆఫీసులోని యంత్రాలన్నీ దాని దగ్గర అనుమతి తీసుకుంటాయి. ఆ అనుమతి 180 రోజులకే చెల్లుతుంది. ఆఫీసు నెట్‌వర్కులో ఉన్నంత కాలం యంత్రం వారానికి ఒకసారి తనంతట తానే సర్వరును అడిగి గడువు పొడిగించుకుంటూ ఉంటుంది. కనీసం 25 యంత్రాలు అడిగితే తప్ప ఆ సర్వరు అసలు అనుమతులు ఇవ్వడమే మొదలుపెట్టదు. అటువంటి ఏర్పాటు దేవరకొండలో ఒక్క ల్యాప్‌టాప్ ఉన్న ఇంటికి రావడానికి దారి దాదాపు ఒక్కటే: దుకాణంలో వేసిన క్రాక్, అంటే లైసెన్సు తనిఖీని మోసం చేసే ప్రోగ్రాం, మీ యంత్రం లోపలే ఒక ఉత్తుత్తి సర్వరుగా కూర్చుని, విండోస్ అడిగినప్పుడల్లా సరే అంటూ వచ్చింది. తరువాత విండోస్‌లోని డిఫెండర్ అనే యాంటీవైరస్ దానిని పట్టుకుని తీసేసిందో, అదే పాడైపోయిందో, పొడిగించేవారు లేక 180 రోజులూ తీరిపోతున్నాయి. వానాకాలానికీ సంక్రాంతికీ నడుమ ఉన్న ఆరు నెలల లెక్క ఇదే. మూడు వందలు ఇచ్చి మళ్ళీ వేయించుకుంటే మళ్ళీ ఇదే చక్రం తిరుగుతుంది.

ఇది నిర్ధారించుకోవాలంటే విండోస్ మీటనూ ‘ఆర్’ అక్షరాన్నీ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ అనే ఐదు ఇంగ్లీషు అక్షరాలను కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత (/), దాని వెంట ఎక్స్, పీ, ఆర్ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని వస్తే అది గడువు లేని రకం. వాల్యూమ్ యాక్టివేషన్ ఫలానా తేదీన ముగుస్తుందని వస్తే అది టోకు లైసెన్సు వేషం. కొన్ని యంత్రాలలో ఆ తేదీ 2038 జనవరి 19 అని కనిపిస్తుంది. కంప్యూటర్లు కాలాన్ని 32 బిట్లలో లెక్కపెట్టే పాత పద్ధతికి అది ఆఖరి రోజు. క్రాక్ రాసినవారు అక్కడిదాకా సాగదీశారన్నమాట. ఆ తేదీ కనిపిస్తే ఇంకో పరీక్ష అక్కర్లేదు. శాశ్వతం అని వచ్చినంత మాత్రాన హక్కు ఉన్నట్లే అనుకోవద్దు, ఆ మాటను కూడా పుట్టించే ఉపాయాలు బజారులో ఉన్నాయి.

ఇక మీకు సంతోషం కలిగించే సంగతి. సర్వీసింగ్ అబ్బాయి చెప్పిన ‘సగం ధర’ మీరు పెట్టవలసిన అవసరం రాకపోవచ్చు, ఎందుకంటే ఆ ల్యాప్‌టాప్‌కు సొంత లైసెన్సు ఇప్పటికే ఉండే అవకాశం చాలా ఎక్కువ. కంపెనీలు టోకున తీసుకునే విండోస్ లైసెన్సు, యంత్రానికి అప్పటికే ఉన్న లైసెన్సును పై తరగతికి పెంచేది మాత్రమే గానీ, ఏమీ లేని యంత్రానికి కొత్తగా హక్కు ఇచ్చేది కాదు. అందువల్ల ఆఫీసుల నుంచి బయటికి వచ్చే ల్యాప్‌టాప్‌లు సాధారణంగా తయారీదారు వేసిన విండోస్ ప్రో లైసెన్సుతోనే మొదట కొన్నవై ఉంటాయి. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి తయారీదారులు ఆ కీని మదర్‌బోర్డు మీది చిప్పులోనే రాసి పంపుతున్నారు. హార్డ్ డిస్క్ మార్చినా, పదిసార్లు ఫార్మాట్ కొట్టినా అది చెరగదు. బండికి ఛాసిస్ నంబరు ఎట్లాగో దీనికి ఇది అట్లా. పైగా యంత్రంతో పాటు వచ్చిన లైసెన్సు, యంత్రాన్ని అమ్మినప్పుడు దానితోనే కొన్నవారికి చెందవచ్చునని మైక్రోసాఫ్ట్ షరతులలోనే ఉంది. అంటే బండి అమ్మినవాడు అసలు ఆర్సీని డిక్కీలోనే వదిలేసి, మీ చేతికి నకిలీ ఆర్సీ ఇచ్చినట్లయింది! ఇందులో దురుద్దేశం కన్నా బద్ధకమే ఎక్కువని నా అనుమానం. రోజుకు ముప్పై ల్యాప్‌టాప్‌లు సిద్ధం చేసేవారు, ఏ యంత్రానికి ఏ కీ ఉందో చూడకుండా, క్రాక్ చేసిన ఒకే ప్రతిని అన్నిటిలోకి దించుతారు.

మీ యంత్రానికి సొంత కీ ఉందో లేదో తెలుసుకోవడానికి, ల్యాప్‌టాప్‌ను తిరగేసి అడుగున చిన్న మెరిసే విండోస్ లేబులు ఉందేమో చూడండి. దాని మీద 25 అక్షరాల కీ ఉండదు, కంగారు పడవద్దు. 2012 తర్వాతి లేబుళ్ళ మీద కీ రాయడం మానేశారు. అసలు పరీక్ష మాత్రం కొత్తగా విండోస్ ఎక్కించడమే. అది ఎట్లాగూ చేయవలసిన పనే, ఎందుకంటే క్రాక్ పడిన ప్రతిని నమ్మడానికి వీలులేదు. క్రాక్ వేసేవారు ముందుగా యాంటీవైరస్‌ను ఆపించి, తమ ఫోల్డరును తనిఖీ చేయవద్దని మినహాయింపుల జాబితాలో చేర్చి వెళతారు. మీకు ఓపిక ఉంటే విండోస్ సెక్యూరిటీలోకి వెళ్ళి ఆ మినహాయింపుల జాబితా తెరిచి చూడండి. మీరు ఎన్నడూ పెట్టని పేర్లు అక్కడ ఉండవచ్చు. తలుపు తెరిచే ఉంచమని కాపలాదారుకు చెప్పినట్లుండే అటువంటి యంత్రంలో స్కాలర్‌షిప్ కోసం ఈ-పాస్‌లో ఆధార్, బ్యాంకు వివరాలు నింపడం నాకు లైసెన్సు సంగతి కన్నా ఎక్కువ భయం కలిగిస్తున్నది.

పని ఇట్లా చేయించండి. ముందుగా మీ బిడ్డ ఫైళ్ళు, అంటే నోట్సు, ఫొటోలు, ప్రాజెక్టు కాగితాలు మాత్రమే ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం ఫైళ్ళు వేటినీ దాచుకోవద్దు. కనీసం 8 జీబీ ఉన్న వేరే ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకుని, నమ్మకమైన ఇంకొక కంప్యూటరులో మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, దానితో విండోస్ 11 పెన్‌డ్రైవ్ తయారు చేయించండి. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు. డబ్బు లైసెన్సుకే గానీ ప్రతికి కాదు. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కాబట్టి పాతదే మళ్ళీ ఎక్కించడంలో అర్థం లేదు, మీ ఎనిమిదో తరం ప్రాసెసరు 11కు సరిపోతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కులోని భాగాలన్నీ తీసివేసి మొదటి నుంచి వేయమనండి. ప్రొడక్ట్ కీ అడగకుండా, హోమ్ కావాలా ప్రో కావాలా అని కూడా అడగకుండా ముందుకు సాగిపోయిందంటే, బోర్డులో కీ దొరికిందన్నమాట. ఆ తర్వాత ఇంటర్నెట్ కలిపిన కాసేపటికి దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. అప్పుడు సెట్టింగులలో ‘మీ సంస్థ’ అన్న మాట పోయి డిజిటల్ లైసెన్సు అని వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇన్‌స్టాల్ పూర్తయి ఇంటర్నెట్ కలపగానే ఏదో కంపెనీ పేరుతో స్వాగతం పలికి, ఆ కంపెనీ ఉద్యోగి ఖాతాతోనే లోపలికి రమ్మంటే, పాత యజమాని ఆ యంత్రాన్ని తమ రిజిస్టరు నుంచి ఇంకా తొలగించలేదని అర్థం. అది మీరు గానీ ఊరి మెకానిక్ గానీ సరిచేసేది కాదు. తిరిగి ఇచ్చేయండి, దొంగ సొత్తు కూడా కావచ్చు.

కీ అడిగితే? మన దేశంలో ధర తగ్గించడానికి, విండోస్ లేకుండా చాలా ల్యాప్‌టాప్‌లను డాస్‌తోనో ఉబుంటుతోనో అమ్మారు, మీది అటువంటిది కావచ్చు. ‘నా దగ్గర కీ లేదు’ అన్నది నొక్కి ముందుకు వెళితే విండోస్ ఎక్కుతుంది, పని కూడా చేస్తుంది. కుడివైపు కింది మూలన యాక్టివేట్ చేయమని బూడిద రంగు అక్షరాలు నిలిచిపోతాయి, తెర బొమ్మా రంగులూ మార్చనివ్వదు. కొన్నాళ్ళు ఆలోచించుకోవడానికి ఇది క్రాక్ కన్నా వేయిరెట్లు నయం, కానీ హక్కు వచ్చినట్లు కాదు. అప్పుడు రెండే దారులు: లైసెన్సు కొనడం, లేదా విండోస్‌కు బదులు వాడే ఉచితమైన లినక్స్‌కు మారడం. మామూలుగా విద్యార్థులకు నేను లినక్సే చెబుతాను. అయితే బీకాంలో ట్యాలీ నేర్చుకోవాలి, ట్యాలీ విండోస్‌ను కోరుతుంది. నేర్చుకునేవారి కోసం ట్యాలీలో లైసెన్సు లేకుండానే నడిచే ఎడ్యుకేషనల్ మోడ్ ఉందన్న సంగతి మీ బిడ్డకు చెప్పండి, ట్యాలీని కూడా ఎవరో క్రాక్ చేసి ఇవ్వకముందే.

నేరమా అని అడిగారు. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంలను సాహిత్య కృతుల కింద లెక్కిస్తుంది. ఆ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం అక్రమ ప్రతి అని తెలిసి కంప్యూటరులో వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు, 50,000 రూపాయలకు తగ్గకుండా 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. అయితే లాభం కోసం గానీ వ్యాపారంలో గానీ వాడలేదని తేలితే, కారణాలు రాసి, న్యాయస్థానం జైలు లేకుండా 50,000 వరకు జరిమానాతో సరిపెట్టవచ్చునని అదే సెక్షన్ చెబుతున్నది. ఇందులో బరువంతా ‘తెలిసి’ అన్న మాట మీద ఉంది. కొన్ననాడు మీకు తెలియదు, ఇప్పుడు తెలిసింది. మూడు వందలిచ్చి మళ్ళీ వేయించుకుంటే మాత్రం తెలియదనడానికి వీలుండదు. డిగ్రీ చదివే పిల్ల ఇంటికి పోలీసులు వస్తారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు, మీరు అడిగారు కాబట్టి చట్టంలో ఉన్నది ఉన్నట్లు చెబుతున్నాను.

అమ్మిన దుకాణం సంగతి. బిల్లు ఇచ్చారా లేదా మీరు రాయలేదు. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ‘ఒరిజినల్ విండోస్’ అని బోర్డు మీదో వాట్సాప్‌లోనో చెప్పి ఉంటే దానిని ఫొటో తీసి దాచండి. యంత్రం సొంత లైసెన్సుతో తిరిగి వేసి ఇవ్వమని వారిని రాతపూర్వకంగా అడగండి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆ పైన నల్లగొండలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. బోర్డులో కీ దొరికి పని తీరిపోతే మాత్రం నేనైతే ఈ గొడవకు పోను. ఒక పెన్‌డ్రైవ్, ఒక మధ్యాహ్నం చాలు.

ప్రశ్న: జడ్చర్లలో మాకు డీటీపీ, జిరాక్స్, ఆన్‌లైన్ పనుల సెంటర్ ఉంది. నాలుగు సిస్టమ్‌లు, అన్నీ పాతవి, నాలుగో తరం ఐ3. అన్నిటిలోనూ క్రాక్ విండోస్ 10 ఉంది. అను ఫాంట్స్, పేజ్‌మేకర్, భూభారతి (భూముల రికార్డుల పోర్టల్) పనులు, వేలిముద్ర పరికరం ఉన్నాయి. కంపెనీవాళ్ళు తనిఖీకి వస్తారంటున్నారు, నిజమేనా? లినక్స్ వేస్తే పని జరుగుతుందా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టవచ్చునని పైన చెప్పిన మినహాయింపు మీకు వర్తించదు, ఎందుకంటే మీది వ్యాపారం. సబ్‌ఇన్‌స్పెక్టర్, ఆ పై హోదా అధికారి అక్రమ ప్రతులను వారంటు లేకుండానే స్వాధీనం చేసుకోవచ్చునని అదే కాపీరైట్ చట్టంలోని 64వ సెక్షన్ చెబుతున్నది. వస్తారా రారా అన్న పందెం నేను వేయను. అంతకన్నా మీరు ఆలోచించవలసినది, రోజూ మీ బల్ల మీదికి వచ్చే ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, ఓటీపీల సంగతి. రైతు తన కాగితం మీ స్కానరులో పెట్టేటప్పుడు మీ విండోస్ ఎక్కడిదని అడగడు. మీ మీద నమ్మకంతో పెడతాడు. యాంటీవైరస్ ఆపి పెట్టిన యంత్రంలో, పైగా అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ 10లో, ఆ నమ్మకాన్ని దాచి ఉంచుతున్నారు.

నాలుగో తరం ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. కనీసం ఎనిమిదో తరం ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. కాబట్టి ఈ నాలుగు యంత్రాలకు లైసెన్సులు కొనడం డబ్బు దండగ. నా సలహా ఏమిటంటే, విండోస్ లేనిదే జరగని పనులన్నిటినీ ఒక్క యంత్రానికి పోగుచేసి, ఆ ఒక్కదానిని సక్రమంగా పెట్టుకోండి. అను ఫాంట్లతో చేసే డీటీపీ, వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్ అందులోకి పోవాలి. ఆ యంత్రాన్ని కొత్తది కాకపోయినా, బోర్డులో విండోస్ 10 ప్రో లేదా 11 కీ ఉన్న ఎనిమిదో తరం ఆఫీసు డెస్క్‌టాప్‌గా చూసి తీసుకోండి. మైక్రోసాఫ్ట్ గుర్తించిన రిఫర్బిషర్లు, అంటే పాత యంత్రాలను బాగుచేసి ఇచ్చేవారు, అమ్మేవాటికి కొత్తగా మరో లైసెన్సు లేబులు వేసి ఇస్తారు. అది ఉంటే ఇంకా మంచిది. కొనేముందు దుకాణంలోనే, మీ కళ్ళ ముందే ఫార్మాట్ కొట్టించి, కీ అడగకుండా యాక్టివేట్ కావడం చూసి డబ్బు ఇవ్వండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్నా మహబూబ్‌నగర్‌లో కొన్నా ఈ ఒక్క పట్టుదల మానవద్దు.

అను, పేజ్‌మేకర్ కూడా కొన్నవేనా? విండోస్ ఒక్కటి సరిచేసి, దాని మీద నడిచే మిగిలిన రెండూ ఎవరో ఇచ్చిన సీడీలోవే అయితే సగం పనే చేసినట్లు. పేజ్‌మేకర్‌ను దాని కంపెనీ ఎన్నో ఏళ్ళ కిందటే వదిలేసింది గానీ, వదిలేసినంత మాత్రాన ఉచితం కాలేదు.

మిగిలిన మూడింటిలో లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేయండి. దరఖాస్తులు నింపడం, ప్రింట్లు, స్కానింగ్, ఉత్తరాలు టైపు చేయడం హాయిగా సాగుతాయి. రెండు చోట్ల మాత్రం ఇబ్బంది పడతారు, ముందే చెబుతున్నాను. మొదటిది ప్రింటర్: మన ఊళ్ళలో ప్రతి జిరాక్స్ దుకాణంలో కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 లేజరు ప్రింటర్ లినక్స్‌లో డ్రైవరు దగ్గర బాగా సతాయిస్తుంది, అదే హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి లినక్స్ డ్రైవరు సిద్ధంగా దొరుకుతుంది. కానన్‌ను విండోస్ యంత్రానికే వదిలేయండి. రెండోది తెలుగు: అను యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి) కాదు, అందులో కొట్టినది భూభారతి పేజీలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయని మీకు అనుభవమే అయి ఉంటుంది. లినక్స్‌లో భారతీయ భాషల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మొదటి నుంచీ ఉంది, ఉచిత ఆఫీసు ప్రోగ్రాం లిబ్రేఆఫీస్‌లో తెలుగు చక్కగా వస్తుంది, మండలి, రామభద్ర, సూరన్న వంటి అక్షరరూపాలు ఉచితంగా దొరుకుతాయి. చేయి అలవాటుపడడానికి నెల పడుతుంది, పెళ్ళి కార్డుల అందం ఇంకా అనులోనే ఉందని మీ టైపిస్టు గొణుగుతాడు. అతని మాటలో కొంత నిజం ఉంది కాబట్టే ఒక యంత్రాన్ని విండోస్‌కు వదిలాను. తెలుగులో లినక్స్‌ను తీర్చిదిద్దిన స్వేచ్ఛ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. సందేహం వస్తే అడగడానికి మనవాళ్ళే ఉన్నారు.

నాలుగింటినీ ఒకేరోజు మార్చవద్దు. దసరాకో ఉగాదికో గిరాకీ తక్కువగా ఉన్న నాలుగు రోజులు చూసుకుని ఒకదానితో మొదలుపెట్టి, పది రోజులు వాడి, తర్వాత రెండోది మార్చండి. పాత డిస్కులలో ఖాతాదారుల ఆధార్ ప్రతులు పడి ఉంటాయి. పని తీరినవి తీసేయండి. కొత్త యంత్రంలోకి మోసుకుపోవద్దు.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో విండోస్ 11 ప్రో కీ 499 రూపాయలకు, జీవితకాలం అని అమ్ముతున్నారు. కొన్నవాళ్ళకు పనిచేసింది. అది ఒరిజినల్ అవుతుందా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: పనిచేయడం వేరు, హక్కు వేరు. కీ అంటే 25 అక్షరాల వరుస. తాళంచెవి చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు మనది కాదు. ఆ ధరకు వచ్చేవి ఎక్కువగా ఏదో కంపెనీకి టోకున ఇచ్చిన కీలు, ప్రోగ్రామర్లకు పరీక్షల కోసం ఇచ్చినవి, లేదా తుక్కుకు పోయిన యంత్రాల నుంచి ఏరినవి. ఒకే కీని ఎందరికో అమ్ముతారు. దుర్వినియోగం బయటపడ్డాక మైక్రోసాఫ్ట్ ఆ కీని ఆపేస్తుంది. జీవితకాలం అన్నది కీ జీవితకాలమే, మీది కాదు. మీ పేరుతో, లైసెన్సు రకం రాసి జీఎస్టీ బిల్లు ఇస్తారా అని అమ్మేవాడిని అడిగి చూడండి, జవాబులోనే సంగతి తేలుతుంది.

ప్రశ్న: మా అన్న దగ్గర ఉన్న పాత డెస్క్‌టాప్ క్యాబినెట్ పక్కన విండోస్ 7 స్టిక్కరు, కీ ఉన్నాయి. లోపల మాత్రం క్రాక్ విండోస్ 10 ఉంది. ఆ కీతో 10 గానీ 11 గానీ సక్రమం చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: ఒకప్పుడు వీలయ్యేది. విండోస్ 7 నుంచి 10కి ఉచితంగా మారే పథకం 2016 జూలై 29తో ముగిసినా, ఆ తర్వాత ఏళ్ళ తరబడి పాత కీలను స్వీకరిస్తూనే వచ్చారు. ఆ తోవను 2023 సెప్టెంబర్‌లో మూసేశారు. ఇప్పుడు ఆ స్టిక్కరు విండోస్ 7కు మాత్రమే హక్కు, అది కూడా లోపలి మదర్‌బోర్డు ఆ స్టిక్కరుతో పాటు వచ్చినదే అయితే. ఒకచోటి క్యాబినెట్‌లో ఇంకొకచోటి బోర్డు బిగించి అమ్మడం పాత కంప్యూటర్ల బజారులో మామూలే కాబట్టి, బోర్డు మీది కంపెనీ పేరు, క్యాబినెట్ మీది పేరు ఒకటేనా అని మూత తీసి చూడమనండి. ఒకటే అయినా విండోస్ 7కు అప్‌డేట్లు 2020 జనవరి 14నే ఆగిపోయాయి. ఇంటర్నెట్ తీగ పెట్టకుండా పాత ఆటలకో, పాత స్కానరుకో అయితే దానినే వేసి వాడుకోవచ్చు. ఇంటర్నెట్ కావాలంటే లినక్స్ మింట్ వేయించండి, కనీసం 4 జీబీ ర్యామ్ ఉండేట్లు చూసుకోండి.